మాట్లాడని బేరం

గడువు దాటిన డబ్బాని రెండో వరసలోకి నెట్టి, లేబుల్‌ని గోడవైపు తిప్పి, ఒకడుగు వెనక్కి వేసి చూశాడు బేరం మాస్టారు. ఊహూఁ, మరీ కష్టం. మళ్ళీ వెళ్ళి కొద్దిగా పక్కకి తిప్పాడు. ఇప్పుడు సరిపోయింది. కళ్ళు తెరుచుకుని తిరిగేవాడికి దొరుకుతుంది. కళ్ళు నెత్తికెక్కినవాడికి దొరకదు.

అది మొదటి ఉచ్చు.

సబ్బుల అరలో ఒకచోట ధర చీటీ పీకేశాడు. గ్లాసుతో నీళ్ళు తెచ్చి, చీపుళ్ళు పెట్టే మలుపు దగ్గర అరచేతి మేర ఒలకబోశాడు. ఆ తడిని చూసి తుడిచేదెవరో, చూసీ దాటుకుపోయేదెవరో, చూడకుండా జారేదెవరో పిల్లలు లోపలికొచ్చిన కాసేపట్లోనే తేలిపోతుంది.

ఇక ఆఖరి ఉచ్చు. పై అరలో ఉన్న పెద్ద పిండి డబ్బాని మీద పడుతుందేమో అనిపించేలా అంచుకి జరుపుతున్నాడు. ఎడమచెయ్యి పట్టు వదిలేసింది.

డబ్బా ధడాలున కిందపడింది. మూత ఊడి, ఇసక నేలంతా పరుచుకుంది.

అవును, ఇసకే. ఆ కొట్టులో ఒక్క వస్తువూ నిజం కాదు. పిండి డబ్బాల్లో ఇసక, నూనె సీసాల్లో రంగునీళ్ళు, బిస్కెట్ ప్యాకెట్లలో అట్టముక్కలు. బిల్లు యంత్రం కుయ్యిమంటుంది కానీ ఏ లెక్కా కట్టదు. బడి అయిపోయి, ఏం చెయ్యాలో తెలియక తిరిగే పదహారు, పదిహేడేళ్ళ పిల్లల్ని మొదటి ఉద్యోగానికి తయారుచేసే శిక్షణ కేంద్రంలో అదొక పెద్ద గది. పిల్లలు దానికి పెట్టిన పేరు ఉత్తుత్తి కొట్టు. ఆ కొట్టుకి వచ్చే ఒకే ఒక్క బేరం ఈయన. కొనడానికి వచ్చే మనిషిని కొట్టువాళ్ళు బేరం అంటారు కదా, అందుకని బేరం మాస్టారు.

ఇసక వైపు చూడ్డం లేదాయన. తన ఎడమచేతినే చూస్తున్నాడు.

పక్కన వేలాడుతున్న ఆ చెయ్యి మెల్లగా లేచింది. దభీమని పడింది. మళ్ళీ లేచింది. మళ్ళీ పడింది. తర్వాత నెమ్మదిగా, బరువేదో ఈడుస్తున్నట్టు, గుండె దగ్గరికి వచ్చి ఆగింది.

ఆయన లేపలేదు. ఆయన దింపలేదు.

ఆ కదలిక ఆయనది కాదు. చనిపోయిన ఆయన భార్యది.

"ఇప్పుడెందుకే?" అన్నాడు ఖాళీ కొట్టుతో. "మధ్యాహ్నం ఎలాగూ చేస్తాగా."

జేబులో ఫోను మోగింది. కూతురు. రెండు వీధుల అవతల బట్టలు కుట్టే కార్ఖానాలో పనిచేస్తుంది. మిషన్ల రొదలోంచి అరుస్తూ మాట్లాడ్డం అలవాటైపోయి ఇంట్లో ఉన్నా అరిచే మాట్లాడుతుంది.

"నాన్నా! మందు వేసుకున్నావా?"

"వేసుకున్నా."

"అబద్ధం! డబ్బీ ఇక్కడ నా సంచిలో ఉంది! నిన్న మా ఇంట్లో మర్చిపోయి వెళ్ళావు!"

దొరికిపోయాడు. నవ్వొచ్చింది. నవ్వితే దవడ కింద ఎక్కడో లాగింది.

"సాయంత్రం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. నేను వచ్చి తీసుకెళ్తా. మళ్ళీ పిల్లలూ, పరీక్షలూ అన్నావంటే ఊరుకోను."

"ఇవాళ బ్యాచ్ అయిపోతుందమ్మా. రేప్పొద్దున వీళ్ళు దుకాణానికి వెళ్ళిపోతారు. తర్వాత నీ ఇష్టం, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తా."

"రాసిమ్మంటా!" అంది కూతురు. మిషన్ల రొద, ఆ తర్వాత ఏమీ లేదు.

చీపురు తెచ్చి ఇసక ఎత్తాడు. మనిషి పొడగరి, భుజాల దగ్గర కొంచెం వంగాడు. చొక్కా మెడ అరిగిపోయింది కానీ ఇస్త్రీ చెడలేదు. బూట్లలో ముఖం చూసుకోవచ్చు. ప్యాంటు కింద, ఎవరికీ కనబడకుండా, పిక్కల మీద నరాలు తాళ్ళలా పైకి తేలి ఉంటాయి. మీసం రాకముందే పెద్ద దుకాణంలో మూటలు మొయ్యడానికి చేరి, అరలు సర్దేవాడై, చివరికి దుకాణమంతటికీ సూపర్‌వైజర్ అయి దిగిపోయాడు. జీవితంలో ముప్పాతిక భాగం నిలబడే గడిపేశాడు. "దుకాణంలో ఎవరూ కూర్చోకూడదు" అనేది ఆయన పెట్టిన నియమం. పనివాళ్ళ స్టూళ్ళే కాదు, ముసలివాళ్ళ కోసం గుమ్మం దగ్గర వేసిన బల్లని కూడా ఆయనే తీయించేశాడు. కూర్చుంటే కబుర్లు మొదలవుతాయట. కబుర్లు మొదలైతే బేరాలు ఆగిపోతాయట.

ఉత్తుత్తి కొట్టులో స్టూలు ఒక్కటే ఉంది. బిల్లు కౌంటర్ వెనక, ధూళి పట్టి. పై అర అందుకోడానికి ఎక్కాలే తప్ప దాని మీద కూర్చోకూడదు.

గోడకి వరసగా మేకులున్నాయి. మేకులకి వేషాలు. టోపీ పెట్టుకున్నాడంటే కోపం బేరం. నల్ల కళ్ళద్దాలు అనుమానం బేరం. చంకసంచి తొందర బేరం. చిట్టచివరి మేకుకి గోధుమరంగు ఉన్ని శాలువా. ఆడవాళ్ళ శాలువా. ఒక కొసన దారాలు ఊడి, మెడ దగ్గర పిన్నీసు ఒకటి దానికే గుచ్చి ఉంటుంది.

అది మాట్లాడని బేరం.

ఆ పక్కన గది మూలలో ఇంకో కొక్కెం. దానికి నీలం ఏప్రాన్లు. ఆయన ఎవరి మెడలో ఏప్రాన్ వేస్తే వాళ్ళే రేపు పెద్ద దుకాణానికి. వేయనివాళ్ళు ఇంటికి.

* * *

"టోపీ దిగేదాకా?" అని గద్దించాడు.

"బేరం బేరమే!" అని కౌంటర్ వెనక నుంచి పిల్లలందరూ ఒక్క గొంతుతో అరిచారు.

అది ఆ గదిలో మొదటి నియమం. వేషం ఉన్నంతసేపూ ఆయన మాస్టారు కాదు. ఒకసారి కోపం బేరం వేషంలో ఆయన నిజంగానే కాలు జారి ట్రాలీ మీద పడ్డాడు. ఒక కుర్రాడు కంగారుగా "సార్ పడిపోయారు, సార్ పడిపోయారు" అని ఆఫీసువైపు పరిగెత్తబోయాడు. నేలమీద నుంచే, టోపీ సర్దుకుంటూ, "ఎవడ్రా సార్? నేను బేరాన్ని! నా కాలు విరిగింది, మీ మేనేజర్‌ని పిలువు!" అని గర్జించాడట. ఆ కుర్రాడికి ఏప్రాన్ రాలేదు. ఆ కథని ప్రతి బ్యాచ్ తర్వాతి బ్యాచ్‌కి అప్పగించి వెళ్తుంది.

ఈ బ్యాచ్‌లో అందరికన్నా ముందుండేవాడు రేడియో. నోరు ఆగదు, అందుకే ఆ పేరు. అందరికన్నా వెనక ఉండేది నత్త. ఆ పేరు పెట్టిందీ రేడియోనే. పీల పిల్ల, పెద్ద కళ్ళు. ఏం అడిగినా ముందు మనిషి ముఖంలోకి కాసేపు చూసి, అప్పుడు జవాబు చెప్తుంది. ఆ కాసేపట్లోనే బేరాలన్నీ పోతాయి. రెండు బ్యాచ్‌లు తప్పింది. ఇది మూడోది. నాలుగోసారి చేర్చుకోరు.

టోపీ పెట్టుకుని ఖాళీ డబ్బాని కౌంటర్ మీద దభాలున కొట్టాడు. "ఏంటిది? పురుగులున్నాయి! మీ దుకాణం మూయిస్తా!"

రేడియో తొణకలేదు. "అయ్యో, మీకు కష్టం కలిగినందుకు క్షమించండి సార్. ఇప్పుడే వేరేది ఇస్తాను. పురుగులు ఎన్ని ఉన్నాయో చెప్తే వాటిక్కూడా క్షమాపణ చెప్తాను."

అందరూ పకపకా నవ్వారు. టోపీ కింద ఆయనక్కూడా మీసం కదిలింది. టోపీ తీసి, "ఆఖరి మాట నిజం బేరం ముందు అన్నావంటే సాయంత్రానికి ఇంట్లో ఉంటావు" అని ఏప్రాన్ మెడలో వేశాడు.

నత్త వంతు. అదే డబ్బా, అదే దెబ్బ, అదే అరుపు.

ఆ పిల్ల డబ్బా వైపు చూడలేదు. ఆయన ముఖంలోకి చూసింది. చూస్తూనే ఉంది.

"ఏం, మూగదానివా? నాకు జవాబు కావాలి!"

"సార్... మీకు ఒంట్లో బాలేదా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎవడు సార్?" అన్నాడు. గొంతులో కోపం ఆటది కాదు.

"మీకే బేరంగారూ. చెమట పట్టింది. ఇక్కడ చల్లగానే ఉంది."

రేడియో నెత్తి పట్టుకున్నాడు. "అయిపోయింది. బేరంగారట!"

టోపీ తీసి మేకుకి తగిలించాడు మాస్టారు. ఏప్రాన్ల కొక్కెం వైపు వెళ్ళలేదు. వెళ్ళకపోవడమంటే ఏమిటో అందరికీ తెలుసు.

* * *

మధ్యాహ్నం విరామంలో పిల్లలు మెట్ల మీద కూర్చుని రొట్టె తింటూ గోల చేస్తున్నారు. ఆయన అరల మధ్య తిరుగుతున్నాడు. తడి తుడిచి ఉంది. ఎవరు తుడిచారో చూడలేదు. గడువు దాటిన డబ్బా రేడియోకి దొరికింది. చివరి వరస వెనక, నేల మీద ఏదో కదిలింది.

నత్త. బూట్లు విప్పేసి, అరికాళ్ళు పిసుక్కుంటూ కూర్చుంది.

"కొట్టులో కూర్చోకూడదని చెప్పానా, లేదా?"

చటుక్కున లేచింది. ఒంటికాలి మీద బూటు తొడుక్కోబోయి తూలి అర పట్టుకుంది. "కాళ్ళు లాగుతున్నాయి సార్. పొద్దున్నే అమ్మతో మెట్లు తుడిచి వచ్చాను."

"ఏ మెట్లు?"

"పెద్ద పెద్ద బిల్డింగులవి సార్. అమ్మ అదే పని. మోకాళ్ళు అయిపోయాయి, పైకి ఎక్కలేకపోతోంది. అందుకని పై అంతస్తులు నేను." ఆగింది. ముఖంలోకి చూసింది. "రేపు మీరు నన్ను పంపకపోతే ఎల్లుండి నుంచి బకెట్టు నాదే సార్. అమ్మ వాళ్ళకి మాటిచ్చేసింది."

ఆయనకి జాలి లేకపోలేదు. కానీ జాలిపడి పంపిన పిల్లలు ఏమయ్యారో చూశాడు. వారం తిరక్కుండా ఏప్రాన్ మడిచి చంకలో పెట్టుకుని తిరిగొస్తారు. ఆ తర్వాత ఇంకెక్కడికీ వెళ్ళరు. మొదటి ఉద్యోగం విరిగితే ముక్క లోపలే ఉండిపోతుంది.

"చూడమ్మాయ్, బేరం ముఖం చూస్తే బేరానికి ఏం ఒరుగుతుంది? సరుకు చూడు. మనిషికి ఏం కావాలన్నా అది ఏదో ఒక అరలో ఉంటుంది. ఆ అర ఎక్కడుందో తెలుసుకోవడమే మన పని."

"అన్నీ అరల్లోనే ఉంటాయా సార్?"

"నా జన్మంతా అదే చూశా."

అలా అన్నాడు గానీ, ఆ మాట నాలుక మీద సరిగ్గా కూర్చోలేదు. మేనేజరమ్మ తలుపు దగ్గర నుంచి సైగ చేసింది. కేంద్రం నడిపే ఆవిడ, కళ్ళజోడు నుదుటి మీదే ఉంచుకుని దాని కోసం రోజూ వెతుక్కుంటుంది.

"ఏమంటారు మాస్టారూ? ఆ అమ్మాయి?"

"కాదమ్మా."

"ఒక్క ఏప్రాన్ ఉందిగా ఇంకా."

"ఏప్రాన్ ఉంటే సరిపోదు." ఎడమ భుజం రుద్దుకున్నాడు. "విరామం తర్వాత శాలువా పరీక్ష అయ్యాక నేనే చెప్తాలెండి ఆ పిల్లకి."

* * *

శాలువా కథ పిల్లలెవరికీ తెలియదు. మేనేజరమ్మకి సగం తెలుసు. మొత్తం తెలిసింది కూతురికే.

భార్యకి పక్షవాతం వచ్చి మాట పోయింది. కుడివైపు పోయింది. ఎడమచెయ్యి కూడా సగమే మిగిలింది. లేపితే లేస్తుంది, ఆపితే ఆగదు. కొన్నాళ్ళకి పట్టుకుంటే నాలుగడుగులు వెయ్యగలిగింది. ఇంట్లో గోడలు చూసి చూసి విసుగెత్తి ఉంటుందని, ఒకరోజు శాలువా కప్పి తన దుకాణానికి తీసుకెళ్ళాడు. తన రాజ్యం చూపిద్దామని. అరలు, దీపాలు, తను కనబడగానే నిటారుగా నిలబడే కుర్రాళ్ళు.

మధ్య వరసలో ఆవిడ ఆగిపోయింది. ఆయన చొక్కా లాగింది. చెయ్యి లేపింది, అది పడింది. మళ్ళీ లేపింది, మళ్ళీ పడింది. గుండె దగ్గరికి తెచ్చుకుంది. కళ్ళతో ఆయన్నే అడిగింది.

దుకాణంలో అడిగింది కాబట్టి సరుకే అనుకున్నాడు. ఆయన అనుకోక ఎవరనుకుంటారు? దువ్వెన తెచ్చాడు. కాదంది తల ఊపి. సబ్బు. కాదు. దారం, తువ్వాలు, వేణ్ణీళ్ళ సంచి. కాదు, కాదు, కాదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలో నవ్వింది కూడా, ఈ మనిషికి ఎలా చెప్పేదిరా బాబూ అన్నట్టు. "ఉండు, గోడౌన్‌లో చూసొస్తా, నీక్కావలసింది ఈ దుకాణంలో లేకపోతే నేను సూపర్‌వైజర్నే కాదు" అని పరిగెత్తాడు.

రెండు చేతుల నిండా సరుకుతో తిరిగొచ్చేసరికి ఆవిడ నేల మీద ఉంది. అరకి చేరగిలబడి. పడిపోయింది అనుకున్నారందరూ. మళ్ళీ లేవలేదు. ఆస్పత్రిలో కూడా ఒకట్రెండు సార్లు ఆ చెయ్యి లేచి పడింది. ఆయన మందుల కోసం, డాక్టర్ల కోసం, పళ్ళ కోసం పరిగెడుతూనే ఉన్నాడు. ఒకసారి పరిగెత్తి వచ్చేసరికి ఆవిడ లేదు.

ఏం అడిగింది?

అదొక్కటీ ఆయన్ని వదల్లేదు. పొద్దున గడ్డం గీసుకుంటుంటే అద్దంలో ఎవరో చెయ్యి లేపినట్టుంటుంది. అన్నం ముందు కూర్చుంటే ఎదుటి కుర్చీలో శాలువా కదిలినట్టుంటుంది. ఉత్తుత్తి కొట్టు తెరిచిన మొదటి ఏడే ఆ శాలువాని తెచ్చి ఆఖరి మేకుకి తగిలించాడు. ప్రతి బ్యాచ్‌కీ చివరి రోజు అది కప్పుకుని, ఆవిడ చేసినట్టే చెయ్యి లేపుతాడు. పిల్లలు అరల వెంట పరిగెడతారు. ఒక్కొక్కటే తెచ్చి చూపిస్తారు. ఆయన తల అడ్డంగా ఊపుతాడు. "దొరికింది" అనే మాట ఆ శాలువాలో ఆయన ఒక్కసారీ అనలేదు. ఓర్పు నేర్పే పాఠం అనుకుంటారు పిల్లలు. ఆయన నిజంగానే వెతికిస్తున్నాడని, అన్ని జతల కుర్రకళ్ళలో ఒక జతకైనా అది కనబడకపోతుందా అని చూస్తున్నాడని, ఎవరికి తెలుస్తుంది?

* * *

పిన్నీసు పెట్టుకుంటుంటే వేళ్ళు తిమ్మిరెక్కాయి. చాలాసేపు పట్టింది. పిల్లలు కౌంటర్ వెనక, బేరం వైపుకి దాటకూడదని నేల మీద గీసిన గీత దగ్గర వరసగా నిలబడ్డారు.

ముందు రేడియో. "రండి మేడమ్, ఏం కావాలి మేడమ్?"

చెయ్యి లేచింది. పడింది. లేచింది. పడింది. గుండె దగ్గరికి.

"దగ్గు మందా? దిండా? గొలుసా? తాళమా? సుత్తా? సుత్తే కదా మేడమ్, ఇలా కొడతారు!" అరల మధ్య సుడిగాలిలా తిరిగాడు. తెచ్చినవన్నీ కౌంటర్ మీద గుట్టగా పడ్డాయి. ఆయన తల ఊపాడు. ఊపినప్పుడల్లా దవడ నుంచి మెడలోకి, మెడ నుంచి చేతిలోకి ఒక తీగ ఎవరో బిగిస్తున్నట్టుంది. ఇంకో అబ్బాయి వచ్చాడు, ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. దీపం, డబ్బా, బొమ్మ, గడియారం. కాదు. కాదు.

నత్త వచ్చింది.

రివాజుగా అనాల్సిన మాట అంది. "రండి. ఏం కావాలో చెప్పండమ్మా."

చెయ్యి లేపాడు. ఈసారి నటించాల్సిన పని లేకపోయింది. అది లేచి, అదే పడింది. మళ్ళీ లేచి, మళ్ళీ పడింది.

అందరూ ఆ చేతినే చూస్తున్నారు. ఆ పిల్ల ముఖాన్ని చూసింది.

తర్వాత చేసిన పనికి రేడియో నోరు తెరిచాడు. నత్త ఒక్క అర వైపూ వెళ్ళలేదు. కౌంటర్ వెనక్కి వంగి, ధూళి పట్టిన స్టూలుని కిర్రుమని ఈడ్చుకొచ్చింది. గీత దాటింది. స్టూలుని కౌంటర్‌కి ఇటుపక్క, బేరం వైపు వేసి, తన ఓణీ కొంగుతో తుడిచింది.

"ముందు మీరు కూర్చోండమ్మా. ఏం కావాలో తర్వాత చూద్దాం. కొట్టు ఎక్కడికీ పోదు."

మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. దుకాణంలో కూర్చోవడం ఆయనకి తెలియదు. మోకాళ్ళు ముందు ఒప్పుకోలేదు, తర్వాత ఒక్కసారిగా ఒప్పుకున్నాయి. కూర్చోగానే ఒళ్ళంతా ఏదో బరువు దిగినట్టయింది.

చెయ్యి మళ్ళీ లేచింది. పడింది. మెల్లగా గుండె దగ్గరికి వచ్చింది.

"నేనూనా?" అంది ఆ పిల్ల. "సరే." ఖాళీ సీసాల పెట్టె ఒకటి బోర్లించి, ఆయన మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేలా పక్కన కూర్చుంది. గుండె దగ్గర ఆగిన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

అప్పుడు.

చెయ్యి లేచి పడటం. కూర్చో. మళ్ళీ లేచి పడటం. కూర్చో అంటున్నానా. గుండె దగ్గరికి రావటం. ఇక్కడ, నా దగ్గర.

అంతే అడిగింది. దువ్వెన కాదు, సబ్బు కాదు. ఆయన జన్మలో ఆవిడ కోసం పరిగెత్తని రోజు లేదు. ఆవిడ పక్కన కూర్చున్న రోజే లేదు. ఆవిడ పడిపోలేదు ఆ రోజు. బల్ల తీయించేసిన ఆ దుకాణంలో ఇంకెక్కడా చోటు లేక, నేల మీద తనే కూర్చుంది. పక్కన జాగా వదిలి కూర్చుంది. ఇప్పుడు గుర్తొస్తోంది, అదే అరకి ఆనుకుని, ఆవిడ పక్కన ఒక మనిషి పట్టేంత జాగా.

"దొరికింది," అన్నాడు.

చాలా మెల్లగా అన్నాడు. గీత దగ్గరున్నవాళ్ళకి వినబడలేదు. ఆ పిల్లకి వినబడింది. ముఖం వెలిగింది. కానీ శాలువా ఇంకా భుజాల మీదే ఉంది. శాలువా ఉన్నంతసేపూ బేరం బేరమే. అందుకని ఆ పిల్ల లేవలేదు.

ఆయన తల కౌంటర్ పక్కకి ఆనింది. తీగ బిగించేవాళ్ళెవరో వదిలేశారు.

ఆ తర్వాత చెయ్యి మళ్ళీ లేవలేదు.

"కాళ్ళు లాగుతున్నాయామ్మా?" అంటోంది ఆ పిల్ల, బేరంతో మాట్లాడే గొంతుతో. "మా అమ్మకీ అంతే. సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలోనే కూర్చుండిపోతుంది. లోపలికి రావే అంటే రాదు. నేను వెళ్ళి పక్కన కూర్చోవాలి. అప్పుడు లేస్తుంది."

రేడియో చేత్తో గడియారం చూపించి సైగ చేశాడు. ఉష్, అంది నత్త. పిల్లలు గీత దాటలేదు. మాస్టారు ఎంత బాగా చేస్తున్నాడో అనుకున్నారు. ఒక అమ్మాయి కళ్ళు తుడుచుకుంది కూడా. శాలువా ఒక పక్కకి జారితే నత్త దాన్ని పైకి లాగి, మెడ చుట్టూ సర్ది, మళ్ళీ చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లబడుతోందని తెలుస్తోంది. రుద్దింది. ఇంకొంచెం రుద్దింది.

కళ్ళజోడు వెతుక్కుంటూ మేనేజరమ్మ లోపలికొచ్చి, స్టూలు మీద కూర్చున్న మాస్టారుని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన కూర్చోవడం ఆవిడ ఎన్నడూ చూడలేదు.

దగ్గరికొచ్చింది. మెడ మీద చెయ్యి వేసింది.

"ఎంతసేపయిందే?"

"తెలీదు మేడమ్," అంది నత్త. "శాలువా తియ్యలేదు ఇంకా."

* * *

కేకలు పెడితే పక్క వీధి డాక్టరు వచ్చాడు. ఊపిరి ఆడించాలని చూశాడు, ఛాతీ నొక్కాడు, చివరికి చేతులు తీసేశాడు. "కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయాడు. ముందే పిలిచినా నాకు అందేవాడు కాదు" అన్నాడు. నత్త ఆ మాటని నమ్మాలా వద్దా అన్నట్టు డాక్టరు ముఖంలోకి చాలాసేపు చూసింది. రేడియో గోడకి మొహం పెట్టుకుని ఏడుస్తున్నాడు. "ఆట అనుకున్నా మేడమ్. ఒట్టు, ఆట అనుకున్నా." ఆ తర్వాత వాడి నోట ఆ రోజంతా ఇంకో మాట రాలేదు.

కూతురు సాయంత్రం వస్తానన్న వేళకే వచ్చింది. చేతిలో మందుల డబ్బీ ఉంది. అరవలేదు. అంత మెల్లగా ఆవిడ మాట్లాడ్డం ఎవరూ వినలేదు.

"ఆఖర్న నాన్న పక్కన ఉన్నదెవరు?"

నత్త ముందుకొచ్చింది.

"ఏమైనా అన్నాడా?"

"'దొరికింది' అన్నారక్కా."

కూతురు ఉలిక్కిపడింది. "ఆ శాలువాలోనే అన్నాడా? నువ్వేం ఇచ్చావు? ఏ వస్తువు తెచ్చావు? చెప్పవే!"

"ఏం ఇవ్వలేదక్కా." ఆ పిల్ల భయపడిపోయింది. "కూర్చోబెట్టా. నేనూ కూర్చున్నా. అంతే."

కూతురు స్టూలు వైపు చూసింది. పక్కన బోర్లించిన పెట్టె వైపు చూసింది. తర్వాత, తనకి తెలియకుండానే, ఎడమచెయ్యి లేపి దింపింది. మళ్ళీ లేపి దింపింది. గుండెకి ఆనించుకుంది.

"అమ్మా," అంది. ఆ పెట్టె మీద కూలబడిపోయింది.

మర్నాడు పొద్దున పిల్లలు పెద్ద దుకాణానికి బయల్దేరేముందు మేనేజరమ్మ కొక్కెం మీది ఆఖరి నీలం ఏప్రాన్ తీసి నత్త మెడలో వేసింది. "మేడమ్, మాస్టారు నన్ను..." అని ఆ పిల్ల ఏదో అనబోయింది. "దొరికింది అన్నాడన్నావుగా. నాకది చాలు, పద," అందావిడ, ముఖం పక్కకి తిప్పుకుని. మెట్లు దిగుతుంటే రేడియో ఆ పిల్లకి దారిచ్చి తను వెనక నడిచాడు. నత్త అని పిలవలేదు.

కూతురు టోపీ తీసుకెళ్ళింది. కళ్ళద్దాలు, చంకసంచి, డ్రాయర్‌లో ఉన్న బూటు పాలిష్ డబ్బా, అన్నీ తీసుకెళ్ళింది. శాలువాని మాత్రం చేతిలోకి తీసుకుని, వాసన చూసి, మళ్ళీ ఎక్కడ తీసిందో అక్కడే వేసింది.

ఇసక డబ్బాలు, రంగునీళ్ళ సీసాలు, అట్టముక్కల ప్యాకెట్లు దాటి వెళ్తే, కౌంటర్‌కి ఇటుపక్క స్టూలు, దాని మీద గోధుమరంగు శాలువా. ఒక కొస జారి పక్కనున్న పెట్టె మీద పడి ఉంది, పిన్నీసు ఇంకా పెట్టినట్టే ఉంది.